పిట్టకు మూకుడు, మొక్కకు గునపం

ఎండలు ముదిరాయంటే ద్వారకా నగర్ అపార్టుమెంట్ల పిట్టగోడల మీద మట్టి మూకుళ్లు వెలుస్తాయి. నీళ్లు పోసి, ఫొటో తీసి, వాట్సాప్‌లో పెడితే పర్యావరణానికి మన వంతు అయిపోయినట్టే. పిట్టలు కూస్తున్నంతకాలం ప్రకృతికి ఢోకా లేదని చదువుకున్నవాళ్లు కూడా ధీమాగా చెబుతున్నారు. ఒట్టి భ్రమ.

ఆ మూకుడు మీద వాలేది చాలాసార్లు పిగిలిపిట్టే, అంటే బుల్‌బుల్. నల్ల జుట్టు, తోక మొదట కింద ఎర్రటి మచ్చ. బాల్కనీలో గుబురుగా ఓ కుండీ కనబడితే గూడు కట్టేస్తుంది. దీన్ని పసిఫిక్ దీవులకు పట్టుకెళ్లి వదిలితే అక్కడి తోటల్లో పళ్లు పొడిచి, లాంటానా విత్తనాలు వెదజల్లి, ప్రపంచంలోని 100 చెడ్డ చొరబాటు జీవుల జాబితాకెక్కింది. మన మూకుడు లేకపోతే ఏసీ నీళ్లు తాగైనా బతుకుతుంది.

సర్పగంధి అనే మందుమొక్కకు ఆ గడుసుదనం లేదు. మోకాలెత్తు పొద. కణుపుకు సాధారణంగా మూడేసి ఆకులు, ఎర్రటి కాడల మీద తెల్లటి పూలగుత్తి. దాని పాలిట శత్రువు దాని వేరే. రక్తపోటుకు ఆ వేరు పనిచేస్తుందని బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ 1949లో బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో రాశారు. 1952లో స్విట్జర్లాండులోని సీబా కంపెనీ అందులోంచి రిసర్పిన్ అనే మందు తీసింది. ఇక అడవుల్లో గునపాలు ఆగలేదు. ఆకు కోస్తే మళ్లీ చిగురిస్తుంది, వేరు తవ్వితే మొక్కే పోతుంది. 1990 నుంచి దీని అంతర్జాతీయ వ్యాపారంపై సైటిస్ అనే ఒప్పందం కింద ఆంక్షలున్నాయి.

మన చట్టానికీ పిట్టల పక్షపాతమే. 1972 నాటి వన్యప్రాణి చట్టంలో బుల్‌బుల్ జాతులన్నిటికీ ఏళ్ల తరబడి రక్షణ ఉంది. మొక్కలకు చోటిచ్చింది 1991లో, అదీ ఆరంటే ఆరింటికి. 2022 సవరణ దాకా అవే. సర్పగంధి ఆ ఆరింట్లో లేదు.

నర్సరీలో పెంచుకుంటే పోలేదా అంటారు. పెంచాల్సిందే, పొలంలో పండితే అడవికి ఊపిరాడుతుంది. కానీ కుండీలో మొక్క కొండమీది మొక్కకు బదులు కాదు. పైగా సర్పగంధి పేరుతో దాని అమెరికా చుట్టం కూడా చెలామణీ అవుతోంది.

పిట్టను ప్రేమించినవాడు రేపు మొక్కనూ ప్రేమిస్తాడన్నది మరో వాదన. ఆ రేపు ఎప్పుడో? వేరు తవ్వేవాళ్లు అందాకా ఆగరు.

మూకుళ్లు తీసేయమనడం లేదు. వాటిని పంచడానికి అయ్యే డబ్బులో సగం, ఏజెన్సీలో సర్పగంధి సాగుచేసే రైతుకు నారు కొనివ్వడానికి పెట్టమంటున్నాను. అడవిలో ఫ్లెక్సీ కట్టుకోవడం కుదరదు కాబట్టి, దాతలు దొరకడం కష్టమేననుకోండి.