యాప్‌లు సరే, రిపోర్టు ఏది?

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం నుంచి విశాఖ కేజీహెచ్‌కి వచ్చే కిడ్నీ రోగి చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు ఉంటుంది. పలాస ల్యాబ్ ఇచ్చిన చీటీ, ఒడిశాలోని బరంపురంలో తీయించిన స్కానింగ్, ఏ మందుల షాపు బిల్లు వెనకో డాక్టరు గీసిన రెండు మాత్రల పేర్లు, అన్నీ అందులోనే. వానకు కవరు తడిస్తే జబ్బు చరిత్ర పోయినట్టే. ఆ మనిషి పేరున 14 అంకెల ఆభా (జాతీయ ఆరోగ్య ఖాతా) నంబరు ఉండొచ్చు, ఏఎన్‌ఎం ట్యాబ్‌లో అతని బీపీ, షుగరు కూడా ఉండొచ్చు. దేశంలో ఆభా ఖాతాలు 70 కోట్లు దాటాయి. ఓపీలో కూర్చున్న డాక్టరు మాత్రం ఇంకా కవరే విప్పుతున్నాడు.

వైద్యంలో కంప్యూటర్ వద్దనే ఛాదస్తం మాకు లేదు. తెలుగు నేలకు ఆ అవసరమూ లేదు. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 మొదలైనప్పుడు ఫోను ఎక్కడినుంచి వచ్చిందో పట్టుకుని, దగ్గర్లోని బండిని పంపడంలో కంప్యూటర్‌దే ముఖ్యమైన పాత్ర. రోగి దాని ముఖం చూడలేదు, దానికి ఓటీపీ చెప్పలేదు. బండి వచ్చింది, అంతే. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చినప్పుడు ఆపరేషన్‌కు ముందస్తు అనుమతి ఆన్‌లైన్‌లో నడిచింది కాబట్టే పేదవాడు కాగితం పట్టుకుని రాజధాని దాకా తిరగాల్సిన పని తప్పింది. అక్కడ యంత్రం రోగి తరఫున పరుగెత్తింది. ఇప్పుడు దిగుతున్న యాప్‌లలో చాలావాటి పని పై అధికారికి లెక్క అప్పజెప్పడం.

ఆ లెక్క రాసేది ఎవరు? ఇంటింటి సర్వేకు ఒక యాప్, గర్భిణుల నమోదుకు ఇంకొకటి, హాజరు కోసం ముఖం చూపించడానికి మరొకటి. సిగ్నల్ లేని గూడేల్లో తిరిగొచ్చి, రాత్రి ఇంట్లో కూర్చుని వివరాలు ఎక్కించడం, అవే వివరాలు మళ్లీ రిజిస్టర్‌లో రాయడం. యాప్‌ల భారం తగ్గించండి అని ఏఎన్‌ఎంలూ ఆశాలూ రోడ్డెక్కితే, పని ఎగ్గొట్టడానికి చెప్పే సాకని ఈసడించినవాళ్లున్నారు. బిడ్డకు పాలు పట్టడం బాలింతకు నేర్పాల్సిన చేయి రోజంతా స్క్రీన్ మీదే ఉంటే నష్టం ఎవరికో వాళ్లు ఆలోచించాలి. కొత్త యాప్‌కు ఉత్తర్వు ఇచ్చేటప్పుడు, దానివల్ల మూతపడే రిజిస్టర్ పేరు కూడా అదే ఉత్తర్వులో ఉండాలి. పేరు రాయలేకపోతే ఆ యాప్ అక్కర్లేనిదే.

కంప్యూటర్ నిజంగా చేయగలిగిన పని వేరే ఉంది. రక్తంలో క్రియాటినిన్ సంగతే చూద్దాం. 45 ఏళ్ల స్త్రీకి పరీక్షలో 0.7 వచ్చిందనుకోండి. రెండేళ్లకు 1.1 వచ్చింది. చాలా ల్యాబుల కాగితం మీద రెండూ నార్మలే. పక్కన చుక్క గుర్తు కూడా పడదు. డాక్టర్లు మామూలుగా వాడే ఈజీఎఫ్‌ఆర్ సూత్రంలో ఆ అంకెలు వేసి చూస్తే మొదటిది సుమారు 109, రెండోది సుమారు 62. అంటే కిడ్నీ వడపోత శక్తిలో 40 శాతానికి పైగా తగ్గినట్టు. ఈ పడిపోవడం కనిపించాలంటే రెండు చీటీలూ పక్కపక్కన ఉండాలి. ఒకటి సోంపేటలో, ఒకటి కేజీహెచ్‌లో ఉంటే ఎంత పేరున్న డాక్టరుకైనా కనపడదు. వయసు, ఆడా మగా, క్రియాటినిన్ తెలిస్తే ఈ లెక్క కట్టడం కంప్యూటర్‌కు క్షణం పని. దీనికి కృత్రిమ మేధ అనే పెద్ద పేరు కూడా అక్కర్లేదు.

ఇది తెలియకపోతే ఏమవుతుంది? ఉద్దానం నుంచి వలసపోయిన కూలీ పరాయి ఊళ్లో ఒళ్లు నొప్పులంటాడు. అక్కడి డాక్టరో షాపువాడో డైక్లోఫెనాక్ చేతిలో పెడతాడు. దెబ్బతిన్న కిడ్నీకి అలాంటి మాత్రలు ఎంత చేటో ఇచ్చినవాడికి తెలుసు. ఈ మనిషి కిడ్నీ దెబ్బతిన్నదని మాత్రం తెలియదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆస్పత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. ఉద్దానం కిడ్నీ జబ్బుకు మూలకారణం ఇదీ అని ఇంకా తేలలేదు. ఏళ్ల తరబడి ఒకే మనుషుల అంకెలు వరుసగా దొరకకపోతే తేలడమూ కష్టమే.

టెలీమెడిసిన్ సంగతి కొంత మెరుగు. ఆరోగ్య ఉపకేంద్రాల స్థాయిలో ఈ-సంజీవనిని దేశంలో మొదట, 2019 నవంబరులో, మొదలుపెట్టింది ఆంధ్రప్రదేశే. దేశం మొత్తం మీద కన్సల్టేషన్లు 30 కోట్లు దాటాయి. కానీ అంకె చూసి మురిసిపోతే లాభం లేదు. రోజుకు ఇన్ని కాల్స్ అని లక్ష్యం పెడితే కాల్స్ పెరుగుతాయి, వైద్యం పెరగదు. వీడియోలో డాక్టరు రోగిని ముట్టుకోలేడు. అవతల ఉపకేంద్రంలోని ఆరోగ్య అధికారి (సీహెచ్‌ఓ)తో ‘పాదం మీద వేలితో నొక్కి చూడమ్మా, గుంట పడుతోందా?’ అని అడగాలి. ఆమెకు ఎక్కడ, ఎంతసేపు నొక్కాలో తెలిసుండాలి. ఈ ఇద్దరికీ కలిపి తర్ఫీదు ఇవ్వాలి. 2020 మార్చి 25న వచ్చిన టెలీమెడిసిన్ మార్గదర్శకాలు, ఆన్‌లైన్‌లో రోగుల్ని చూసే డాక్టర్లు ఒక కోర్సు చేయాలని చెప్పాయి. ఆ పాఠం ఎంబీబీఎస్‌లోనే, స్కిల్ ల్యాబ్‌లో, నర్సింగ్ విద్యార్థుల్ని పక్కన కూర్చోబెట్టుకుని చేయించడం ఉత్తమం.

కానీ మన వైద్య కళాశాలల్లో డిజిటల్ అనగానే గుర్తొచ్చేది హాజరు యంత్రం. మొదట వేలిముద్ర నడిచింది. నకిలీ వేలిముద్రలతో బోధకుల హాజరు వేయించారన్నది 2025లో సీబీఐ పెట్టిన కేసులోని ఆరోపణల్లో ఒకటి. అదే ఏడాది మే 1 నుంచి జాతీయ వైద్య కమిషన్ ముఖం చూపించమంది. గురువు గదిలో ఉన్నాడని యంత్రం చెబుతుంది. పాఠం చెప్పాడా లేదా అన్నది దానికి పట్టదు.

సరే, రోగుల రికార్డులన్నీ ఒకచోట చేరిస్తే దొంగల భయం లేదా? ఉంది. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద దాడి జరిగి, అంత పెద్ద ఆస్పత్రి రోజుల తరబడి చేతిరాత మీద నడిచింది. వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023లో వచ్చినా, నియమాలు 2025 నవంబరుకు గానీ రాలేదు. ప్రధాన బాధ్యతలకు మరో 18 నెలల గడువు ఇచ్చారు. ఈ ఆలస్యం సమర్థించదగ్గది కాదు. అయితే భద్రత పేరుతో రోగికే అతని రిపోర్టు ఇవ్వకపోవడం అంతకన్నా పెద్ద అన్యాయం.

కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల నుంచే మొదలుపెట్టాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చేసినా, పలాసలో చేసినా, కేజీహెచ్‌లో చేసినా ప్రతి క్రియాటినిన్ ఫలితం, పాత అంకెలతో సహా, ఆ మనిషి ఆభా ఖాతాలో చేరాలి. ఫోను ఉంటే తెలుగులో సందేశం, లేకపోతే ముద్రించిన కాగితం అతని చేతికి అందాలి. ఆభా దేశమంతటికీ ఒకటే కాబట్టి ఒడిశా వైపు ఆస్పత్రులతోనూ మాట్లాడుకోవచ్చు. ఇందుకు ఆరోగ్యశాఖ తేదీ ప్రకటించాలి. ఆ పని పూర్తయ్యేదాకా కొత్త యాప్ దేనికీ టెండరు పిలవకూడదు.