దరువు వినబడుతుంది, కాలు కదలకూడదు

విధి నిర్వహణలో ఉన్న ఉద్యోగి నాట్యం చేయకూడదని ప్రవర్తనా నియమావళుల్లో ఎక్కడా రాసి లేదు. 1964 నాటి కేంద్ర ఉద్యోగుల నియమావళి మూడో నిబంధన నిజాయితీని, విధి పట్ల శ్రద్ధను కోరుతుంది. ప్రభుత్వోద్యోగికి తగని పని ఏదీ చేయవద్దంటుంది. తగనిదేదో పై అధికారి తేల్చాలి. పోలీసుల సంగతి ఇంకా చిత్రం. 1861 పోలీసు చట్టం 22వ సెక్షన్ ప్రకారం పోలీసు ఎప్పుడూ డ్యూటీలో ఉన్నట్టే లెక్క. విధిలో అలసత్వానికి 29వ సెక్షన్ మూడు నెలల జీతం దాకా జరిమానా గానీ, మూడు నెలల దాకా జైలు గానీ చెబుతోంది. ఈ రెండింటినీ అక్షరాలా పాటిస్తే తమ్ముడి పెళ్లి ఊరేగింపులో కూడా కానిస్టేబుల్ కాలు కదపడానికి వీల్లేదు. అలా ఎవరూ పాటించరు. ఆచరణలో డ్యూటీ అంటే ఖాకీ చొక్కా ఒంటి మీదున్నంతసేపే.

ఆ చొక్కా బరువు తెలియాలంటే గిరిసోల లాంటి చోటు చూడాలి. ఇచ్ఛాపురం దాటి 16వ నంబరు జాతీయ రహదారి మీద ఒడిశాలో అడుగు పెట్టే సరిహద్దు ఊరు అది. రాష్ట్రాల గీత 1936 ఏప్రిల్ 1న పడింది గానీ పెళ్లి సంబంధాలు ఆ గీతను పెద్దగా పట్టించుకోలేదు. గంజాం జిల్లాలోని తెలుగు కుటుంబాలకు శ్రీకాకుళం వైపు, అటువాళ్లకు బరంపురం వైపు వియ్యాలు నడుస్తూనే ఉన్నాయి. కాబట్టి ముహూర్తాల రోజుల్లో ఈ దారిన లారీలతో పాటు పెళ్లి బస్సులూ వస్తాయి. లారీ కాగితాలు చూస్తున్న ఉద్యోగి వెనక డప్పులు మొదలైతే ఆయన పర్మిట్ మీది తేదీనే చదువుతుంటాడు, బూటు మడమ మాత్రం నేల మీద సన్నగా లయ కలుపుతుంటుంది. ఎదుట నిలబడ్డ డ్రైవరుకు ఆ సంగతి తెలుస్తుంది. పై అధికారికి తెలియదు.

అసలు పరీక్ష బరంపురంలో. రెండేళ్లకోసారి చైత్రంలో జరిగే బుఢీ ఠాకురాణీ యాత్ర నెలకు దగ్గరగా సాగుతుంది. అమ్మవారు పుట్టింటికి వచ్చినట్టు దేశిబెహెరా వీధిలోని తాత్కాలిక మందిరానికి వస్తుంది. ఆ పుట్టిల్లు తెలుగు మూలాలున్న దేరా నేతవారిది. వారి కులపెద్ద దేశిబెహెరా కుటుంబమే ఉత్సవానికి పెద్ద. రాత్రిళ్లు ఆడవాళ్ల తలల మీద ఘటాలు వీధివీధికీ కదులుతాయి. మొక్కున్నవాళ్లు వేషం కడతారు. ఒంటికి పసుపు రంగు, నల్లటి చారలు, వెనక తోకతో పులివేషం దిగితే వీధి వీధంతా ఊగుతుంది. అక్కడ ఆడటం సరదా కోసం కాదు, మొక్కు తీర్చుకోవడం కోసం. అదే నెలలో గంజాం పల్లెల్లో దండనాటం నడుస్తుంది. దీక్ష పట్టిన దండువాలు కఠిన నియమాలతో ఊరూరా తిరుగుతూ మేష సంక్రాంతికి ముగిస్తారు. అంటే ఈ ప్రాంతంలో నాట్యమే డ్యూటీ అయినవాళ్లు ఒకవైపు, డ్యూటీ వల్ల నాట్యం కూడనివాళ్లు మరొకవైపు, మధ్యలో ఒక తాడు. ఇటు నిలబడ్డ కానిస్టేబుల్ చిన్నప్పటి నుంచీ వింటున్న దరువు అది.

ఆ దరువుకు ఒళ్లు స్పందించడం బలహీనత అనుకుంటే పొరపాటు. లయ వింటున్నప్పుడు, మనిషి కదలకుండా కూర్చున్నా సరే, మెదడులో కదలికను నడిపే భాగాలు పనిచేస్తాయని స్కానింగ్ పరిశోధనలు తేల్చాయి. మరీ సాదా దరువూ మరీ చిక్కు దరువూ కాక, ఊహించిన చోట దెబ్బ పడకుండా కొంచెం తప్పించి కొట్టే దరువే ఎక్కువగా ఆడాలనిపిస్తుందట. ఊరి డప్పుగాళ్లకు ఈ సంగతి ఏ పరిశోధనా చెప్పక్కర్లేదు. నార్వేలో ఓస్లో విశ్వవిద్యాలయం వారు 2012 నుంచి ఒక వింత పోటీ పెడుతున్నారు. ఎవరు బాగా కదలకుండా నిలబడతారన్నదే పోటీ. కాసేపు నిశ్శబ్దం, కాసేపు సంగీతం. గెలుపు కోసం బిగబట్టుకు నిలబడ్డవాళ్లు కూడా సంగీతం మొదలయ్యాక కొద్దిగా ఎక్కువ కదిలారు. కాబట్టి బందోబస్తులో కదలకుండా నిలబడ్డ మనిషి ఊరికే నిలబడలేదు. ఒంటి నిండా పుట్టుకొస్తున్న కదలికను క్షణక్షణం ఆపుకుంటున్నాడు. జీతం లెక్కలో ఈ శ్రమ ఎక్కడా కనబడదు.

అంత కష్టపడి ఎందుకు ఆపుకోవాలి? హుందాతనం కోసమని సాధారణంగా చెప్పే జవాబు. అది చాలా నీరసమైన జవాబు. అసలు కారణం చూపు. చదరపు మీటరుకు అయిదారుగురు చేరాక జనం ఎవరి కాళ్ల మీద వాళ్లు నడవరు, నీటిలా కదులుతారు. ఎక్కడ నొక్కుడు పెరుగుతోందో లోపలున్నవాళ్లకు తెలియదు, అంచున నిలబడ్డవాడికే కనబడుతుంది. 2025 జూన్ 29న పూరీలో గుండిచా మందిరం ముందు తొక్కిసలాటలో ముగ్గురు చనిపోతే కలెక్టరును, ఎస్పీని బదిలీ చేశారు. అదే ఏడాది నవంబరు 1న ఏకాదశి నాడు గిరిసోలకు ఆంధ్ర వైపున్న కాశీబుగ్గ గుడిలో మరో తొక్కిసలాట జరిగింది. ఈ రెండింటిలో ఎవరో ఆడినందువల్ల ప్రమాదం జరగలేదు. అయితే జాతరలో ఒక్క నిమిషం చూపు తిప్పుకుంటే ఎంత ఖరీదో ఇవి చెబుతాయి. ఆడేవాడి చూపు లోపలికి తిరుగుతుంది, ఆ సుఖం కోసమే కదా ఎవరైనా ఆడేది.

దీనికి తోడు ఇంకో ఇరకాటం. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి పదింటి నుంచి ఉదయం ఆరింటి దాకా లౌడ్‌స్పీకర్లు మోగకూడదు. పండగలకు రాష్ట్ర ప్రభుత్వం అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వవచ్చు, అదీ ఏడాదికి పదిహేను రోజులకు మించకుండా. డీజే పెట్టెను ఆపించాల్సింది ఈ కానిస్టేబులే. తొమ్మిదింపావుకు దాని ముందు స్టెప్పులేసినవాడు పదింటికి ఆపమంటే కుర్రాళ్లు వింటారా?

అన్ని నాట్యాలనూ ఒకే గాటన కట్టడం కూడా తప్పే. ఇందోర్‌లో ఒక ట్రాఫిక్ పోలీసు నాట్యపు అడుగులతోనే వాహనాలను నడిపి దేశమంతటా పేరు తెచ్చుకున్నాడు. భువనేశ్వర్‌లో ఒక హోంగార్డు 2018లో అలాగే వార్తలకెక్కాడు. అమెరికాలోని ప్రావిడెన్స్ నగరంలో టోనీ లెపోర్ 1984లోనే ఆ దారి పట్టాడు. వీళ్లకు నాట్యమే సైగ. చేయి ఊపడంలో విసురు పెరిగితే డ్రైవర్లు ఇంకా బాగా చూస్తారు, కాబట్టి పని చెడలేదు. కానీ 2019 ఏప్రిల్‌లో లండన్‌లో వాతావరణ ఉద్యమకారులతో కలిసి కొందరు పోలీసులు ఆడితే పై అధికారి బాహాటంగా తప్పుపట్టారు. అక్కడ చిక్కు సూక్ష్మమైనది. ఉద్యమకారులతో ఆడినవాడు రేపు వాళ్లనే అరెస్టు చేయాల్సి రావచ్చు, అవతలి పక్షం ఆ వీడియోను దాచుకుంటుంది. అన్నిటికంటే అన్యాయమైనది 2025 మార్చిలో పట్నాలో హోలీ నాటి సంఘటన. బిహార్ రాజకీయ నాయకుడు తేజ్ ప్రతాప్ యాదవ్ తన భద్రతకున్న పోలీసును ఆడమన్నారు, ఆడకపోతే సస్పెండ్ చేయిస్తానన్నారు. ఆ పోలీసు ఆడాడు. వీడియో బయటకు రాగానే ఆడినవాడినే పోలీసు లైన్లకు పంపారు. ఆడమన్న నోటిని వదిలేసి ఆడిన కాలిని పట్టుకున్నారన్నమాట.

క్రమశిక్షణ చర్యలు ఎప్పుడూ చివరి మెట్టు మీదివాడి దగ్గరే ఎందుకు మొదలవుతాయో ఇక్కడే అర్థమవుతుంది. వీడియోలో కనబడేది అతనొక్కడే. పన్నెండు గంటలు ఒకే చోట నిలబెట్టిన డ్యూటీ చార్టు కనబడదు. పండగ రోజుల్లో సెలవులు రద్దు చేసిన ఉత్తర్వు కనబడదు. రెండేళ్లకోసారి వచ్చే యాత్రలో తన ఇంటి మొక్కు ఎన్నిసార్లు తప్పిపోయిందో అసలే కనబడదు. స్థానికులను ఆ వీధుల్లోనే బందోబస్తుకు వేయడంలో లాభముంది, వాళ్లకు సందుగొందులన్నీ తెలుసు. కానీ యాత్ర ఒక్క రాత్రిది కాదు. అన్ని రోజుల్లో ఎవరికి ఏ రాత్రి మొక్కుందో ముందే అడిగి, ఆ ఒక్క రాత్రి మరొకరిని నిలబెట్టడం స్టేషన్ స్థాయిలో తేలే పని. దానికి చట్ట సవరణ అక్కర్లేదు.

ఆ రాత్రి అతను చొక్కా విప్పి కొయ్యకు తగిలించి, ఒంటికి పసుపు రంగు పులుముకుని, తోక కట్టుకుని అదే వీధిలోకి వస్తాడు. తాడుకు అవతల ఇంకొకరు నిలబడి ఉంటారు. 22వ సెక్షన్ లెక్కన మాత్రం ఆ పులి కూడా డ్యూటీలోనే ఉంది.