అంటు మామిడి, అరువు ఆటగాడు

నూజివీటి తోటలలో ముదురు మామిడిచెట్టుకు కాపు తగ్గినచో తెలిసిన రైతు దానిని మొదలంట నరికివేయడు. కొమ్మలను మోళ్ళుగా కోసి, అవి చిగిర్చిన పిదప, బలమైన చిగుళ్ళకు తాను కోరిన రకపు పుల్లలను అంటుకట్టును. చిన్నరసము కావలసినవాడు చిన్నరసమును, బంగినపల్లి కావలసినవాడు బంగినపల్లిని తెచ్చుకొనును. కాని పుల్ల మేలిరకమైనంత మాత్రమున అంటు అతుకదు. బెరడు క్రింది పచ్చిపొరలు రెండును ఒకదానినొకటి తాకవలెను. కట్టు బిగువుగా నుండవలెను. అన్నిటికి మించి, అడుగున వేరు బ్రతికియుండవలెను.

ఈ సంగతి జ్ఞప్తికి వచ్చుటకు కారణము మామిడి కాదు, కబడ్డి. ప్రొ కబడ్డి పోటీల వేలము వచ్చినప్పుడెల్ల మన రచ్చబండలమీద పుట్టు ప్రశ్న ఒక్కటే: “ఈసారి తెలుగు టైటాన్స్ వారు ఎవరిని కొన్నారు?” ఎవరిని కొన్నారనునది సగము ప్రశ్న మాత్రమే. కొన్నవానిని ఏ వేరుపై అంటుకట్టినారనునది మిగిలిన సగము. మనము అడుగని ప్రశ్న అదియే.

వృత్తి క్రీడలలో మన పేరు మోసిన జట్లు కొద్ది. బాస్కెట్‌బాలులో హైదరాబాద్ స్కై అను జట్టు 2015లో ఆరంభమైన పోటీలలో ఆడినది గాని, ఆ పోటీలే 2017 తరువాత సాగలేదు. కబడ్డి అట్లు కాదు. 2014లో ఎనిమిది జట్లతో మొదలై, 2017 నుండి పండ్రెండు జట్లతో నడచుచున్నది. మన పల్లెలలో చెడుగుడుగా బ్రతికిన ఆట కావున, తెలుగు టైటాన్స్ గెలుపోటములు మనకు ఇంటి సంగతులే.

తొలి దినములలో ఆ జట్టు బాగుగనే ఆడినది. 2015లో మూడవ స్థానము, 2016లో జరిగిన రెండు పోటీలలో రెండవదానియందు నాలుగవ స్థానము పొందినది. నాటి మూలస్తంభము రాహుల్ చౌదరి. 2018 వరకు ఆరు పోటీలలో జట్టును వీడక నిలిచినాడు. ఆతడు వెడలిన పిదప 2019లో సిద్ధార్థ దేశాయిని 1 కోటి 45 లక్షల రూపాయలకు కొన్నారు. ఆ యేట ఆతడు రెండు వందలకు పైగా కూత పాయింట్లు తెచ్చినాడు. జట్టు మాత్రము పదకొండవ స్థానమున నిలిచినది. అటుపిమ్మట వచ్చిన మూడు పోటీలలో జట్టు పొందిన విజయములు వరుసగా ఒకటి, రెండు, రెండు. అనగా అరువదియారు ఆటలలో ఐదు గెలుపులు. మూడుమార్లును చివరి స్థానమే.

అందులో మూడవది, 2023–24 నాటి పోటీ, ఎక్కువ ఆలోచింపదగినది. ఆ వేలములో పవన్ సెహ్రావత్‌ను 2 కోట్ల 60 లక్షల 50 వేల రూపాయలకు కొన్నారు. అంతకు ముందెన్నడును కబడ్డి ఆటగానికి అంత వెల పలుకలేదు. ఒక్కొక్క జట్టు వెచ్చించుటకు అనుమతి గల మొత్తము 5 కోట్లు. సగమునకు మించిన సొమ్ము ఒక్కని కొరకు వ్యయమైన పిదప, మిగిలిన జట్టంతటిని మిగిలిన సగములోపల కూర్చవలసి వచ్చినది. పవన్ తన వంతు తాను చేసినాడు. ఆతడును రెండు వందలు దాటినాడు. అయినను జట్టు ఓడినది. తప్పు ఆతనిది కాదు, లెక్కది.

ఆ లెక్కను ఆట స్వభావమే తెలుపును. బరిలో ఒక్కొక్క ప్రక్క ఏడుగురు. కూతకు ముప్పది క్షణములు. కూతకు పోయినవాడు పట్టుబడినచో బయట కూర్చుండవలెను. తనవారెవరైన ఎదుటివానిని ఔటు చేసినగాని లోనికి రాలేడు. ఎంతటి వీరుడైనను బయట కూర్చుండి పాయింటు తేలేడు. ఆతనిని తిరిగి లోనికి తెచ్చునది రెండవ కూతగాడు, మూలలు కాచువారు, వారి ప్రక్క నిలిచి కప్పువారు. ఆ రక్షణ ఒక్కని బలము కాదు. మూలనున్నవాడు చీలమండను పట్టిన అరక్షణములో ప్రక్కవాడు వచ్చి పడవలెను. ఆలస్యమైనచో పట్టు జారును, పట్టినవాడు ఔటగును. ఈ పొందిక వేలములో దొరకదు. కలిసి ఆడిన దినముల సంఖ్యను బట్టి వచ్చును.

ఇంతకు విరుద్ధమైన ఉదాహరణము అదే జట్టులో వెంటనే కనబడినది. 2024లో కృష్ణకుమార్ హూడా శిక్షకుడుగా వచ్చినాడు. విజయ్ మాలిక్ ఆటగాడుగా చేరినాడు. వీరిరువురును 2022లో విజేతయైన ఢిల్లీ జట్టులో కలిసి పనిచేసినవారే. అనగా ఒకరి మాట ఒకరికి ముందే తెలిసియున్నది. పవన్ ఆరంభపు విజయములలో పాలుపంచుకొని, నడుమ గాయపడినాడు. ఆ దెబ్బతో జట్టు మునుపటివలె కూలవలసినది, కూలలేదు. పండ్రెండు ఆటలు గెలిచి ఏడవ స్థానమున నిలిచినది. ఆ యేట పై దశకు ఆరు జట్లకే ప్రవేశముండెను గనుక ఒక్క మెట్టులో తప్పిపోయినది. 2025లో పవన్ లేడు. విజయ్ మాలిక్ నాయకుడు. 81 లక్షలకు వచ్చిన భరత్ హూడా ఆతనికి తోడు. జట్టు నాలుగవ స్థానముతో పై దశకు చేరి, తుదిపోరుకు ఒక్క మెట్టు దిగువన పుణె జట్టు చేతిలో ఓడి, మూడవదిగా నిలిచినది.

ఇందువలన గొప్ప ఆటగాడు అక్కరలేదని తేల్చుట పొరపాటు. గొప్పవాడు కావలెను. కాని ఆతడు కూర్చుండిననాడు కూడ నడువగల జట్టు అంతకుముందే ఉండవలెను. అమెరికా బాస్కెట్‌బాలులో 2023లో శాన్ అంటోనియో స్పర్స్ జట్టువారికి విక్టర్ వెంబన్యామా అను ఫ్రాన్సు దేశపు అద్భుత యువకుడు లభించెను. తొలి యేట ఉత్తమ నూతన క్రీడాకారుడని బిరుదు పొందెను. జట్టు గెలుపులో? అంతకు ముందటి యేడు 22. ఆతడు వచ్చిన యేడును 22. మరుసటి యేడు 34. అంటు అతుకుటకు అక్కడను కాలము పట్టినది.

అయితే అమెరికా పద్ధతికిని మన పద్ధతికిని ఒక భేదము కలదు. అక్కడ ఓడిన జట్లకు కొత్తవారిని ఎంచుకొనుటలో ముందు వరుస దక్కు అవకాశమెక్కువ. ఇక్కడ వేలము, సొమ్ము ఎట్లు పంచుకొనవలెనో తెలిసినవానిదే మేలు. వేలము వచ్చినప్పుడెల్ల జట్టులో పెద్దభాగము చెదరును. అట్టిచోట కొందరినైన అట్టిపెట్టుకొని, వేలమునకు రాని యువకులను వెదకి చేర్చుకొను మార్గమే వేరును నిలుపును. ఆ మార్గము నిబంధనలలో ఉన్నది.

ఇక్కడనే మన ఊరి ప్రశ్న వచ్చుచున్నది. జట్టు పేరు తెలుగు. పైన చెప్పిన వీరులలో తెలుగువాడెవడు? రాహుల్‌ది ఉత్తరప్రదేశ్, సిద్ధార్థది మహారాష్ట్ర, పవన్‌ది ఢిల్లీ, విజయ్, భరత్‌లది హర్యానా. వారు మనకు పరాయివారు కారు. మన పేరు కొరకు చెమటోడ్చినవారు. కాని మన పిల్లలు ఆ వరుసలో లేకపోవుట వారికి శక్తి లేక కాదు. మన పిల్లవాడు మట్టిలో చెడుగుడు ఆడును. పోటీ చాపపై జరుగును. మట్టిలో జారు పాదము వేరు, చాపపై నిలుచు పాదము వేరు. పదునెనిమిదేండ్లు వచ్చువరకు చాపను చూడనివానిని ఎంపికకు పంపి, ఓడినాడని అనుట న్యాయము కాదు. మండలమునకొక చాప, దానికొక శిక్షకుడు, సంవత్సరమంతయు నడచు పాఠశాలల పోటీలు: ఇవి రెండున్నర కోట్ల పనులు కావు. జిల్లా కృష్ణ అయినను, 2022 నుండి ఏలూరు అయినను, పిల్లవాని ఆకలి ఒక్కటే.

మరియొక జాగ్రత్త. అంటుమొక్క నాటిన తొలి మూడేండ్లలో పూత వచ్చినను మన రైతు గిల్లివేయును. లేతకొమ్మపై కాపు మోపినచో చెట్టు ఎదుగదని ఆతనికి తెలియును. ఇరువదేండ్ల కుర్రవానిని తెచ్చి, తొలి పోటీలోనే భారమంతయు ఆతని మోకాళ్ళపై మోపి, ఓడిన రాత్రియే నిందించు మనకు ఈ మాట తెలియదా? తోటలో తెలిసినది బరి ప్రక్కకు వచ్చునప్పటికి మరచుచున్నాము.

రాబోవు వేలమునాడు వెలలు విని ఆశ్చర్యపడుదము, తప్పు లేదు. కాని ఆ మరునాడు ఇంకొక ప్రశ్న కూడ అడుగుదము: మన ఊరి బడి వెనుక చాప ఎప్పుడు పరచుదురు? పుల్లను ఎక్కడనుండియైన తేవచ్చును. వేరును మాత్రము ఇక్కడనే పెంచుకొనవలెను.