ఓడుతున్న జట్టులో ఇద్దరు పడుచువాళ్లు

అమెరికాలో బేస్‌బాల్ అనే ఆట ఉంది. మన క్రికెట్టుకు దూరపు చుట్టం. 1977లో డెట్రాయిట్ టైగర్స్ జట్టు 88 ఆటలు ఓడింది. సెప్టెంబరు నాటికే ఆశ పోయింది. అటువంటి జట్లు ఆ నెలలో చిన్న జట్ల నుండి పడుచువాళ్లను పిలిచి ఆడించి చూస్తాయి. సెప్టెంబరు 9న బోస్టన్‌లో ఇద్దరిని ఒకేసారి దింపారు. అలన్ ట్రామెల్‌కు 19 ఏళ్లు, లూ విటేకర్‌కు 20. మొదటిసారి బ్యాటు పట్టినప్పుడే ఇద్దరూ హిట్ కొట్టారు. అటుపైన 1995 వరకు పక్కపక్కనే ఆడారు. 1984లో ఆ జట్టే వరల్డ్ సిరీస్ గెలిచింది.

మార్కును పౌలు వద్దన్నాడు. బర్నబా వెంటబెట్టుకొని కుప్రకు వెళ్లాడు. చివరకు పౌలే అతణ్ణి తీసుకొని రమ్మని వ్రాశాడు గదా!

మా సంఘంలో యౌవనస్థులకు చాపలు పరచడం, మైకు మోయడమే పని. “ఇంకా నేర్చుకోనివ్వండి” అని అడ్డుపడిన పెద్దను నేనే. పోయిన ఆదివారం సాయంకాల కూడికలో ఒక తమ్ముణ్ణి వాక్యం చెప్పమన్నాము. చేతులు వణికాయి, నడుమ వచనం మరచిపోయాడు. వచ్చే నెల కూడా అతనికే ఇచ్చాము.