యాభై రూపాయల పౌరులం కాదు (9వ భాగం)



పోయిన భాగంలో అసైన్డ్ భూముల గురించి మాట్లాడుకున్నాం. ఈసారి ఇంటి పన్ను.

మొన్న నంద్యాలలో ఒక టీ కొట్టు దగ్గర నిలబడి ఉన్నాను. పన్ను మీదే మాటలు నడుస్తున్నాయి. "ఏటా పెంచుతాండారు. రోడ్డు చూస్తే గుంతలు. మా డబ్బంతా యాడికి పోతాంది?" అని ఒక పెద్దాయన కోపంగా అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. నేనూ తలూపాను. ఆయన అంతటితో ఆగలేదు. "కట్టేది మేము, సౌకర్యాలేమో కాలనీలోళ్లకు. వాళ్లు కట్టేది ఏడాదికి యాభై రూపాయలు" అన్నాడు. అక్కడ చెప్పలేకపోయిన జవాబు ఇక్కడ రాస్తున్నా.

ముందు ఈ పెంపు ఎక్కడినుంచి వచ్చిందో చూద్దాం. 2020 మేలో, కరోనా కష్టకాలంలో, రాష్ట్రాలు అదనంగా అప్పు తెచ్చుకోవడానికి కేంద్రం ఒప్పుకుంది. కానీ షరతులు పెట్టింది. వాటిలో ఒకటి ఆస్తి పన్నును రిజిస్ట్రేషన్ విలువకు ముడిపెట్టడం, నీటికీ మురుగుకూ ఛార్జీలు సవరించడం. ఆ ఏడాది చివర్లోనే మన రాష్ట్రం చట్టం మార్చింది. 2021-22 నుంచి అద్దె విలువ పోయి మూలధన విలువ వచ్చింది. ఇళ్లకు ఆ విలువలో 0.10 నుంచి 0.50 శాతం పన్ను. 2021 జనవరిలో ఈ సంస్కరణ పూర్తి చేసినందుకు రాష్ట్రానికి 2,525 కోట్ల అదనపు అప్పుకు అనుమతి దొరికింది. అంటే ప్రభుత్వం అప్పు తెచ్చుకోవడానికి మన గడపను చూపించింది.

ఏడాదికి పెంపు 15 శాతం దాటదని అప్పుడు చెప్పారు. వినడానికి చిన్నదే. వరుసగా ఐదేళ్లు 15 శాతం పెరిగితే 1,000 రూపాయల పన్ను 2,011 అవుతుంది. ఆ ఐదేళ్లలో కూలి రెట్టింపయిందా? కాబట్టి పెద్దాయన కోపం మన కోపం కూడా.

ఇక యాభై రూపాయల సంగతి. 375 చదరపు అడుగుల లోపు ఇంట్లో సొంతదారే ఉంటే ఏడాదికి 50 రూపాయలన్నది నిజం. అది దయ కాదు. 375 అడుగుల్లో మూడు తరాలు బతకాల్సి రావడమే అసలు పన్ను. కొడుక్కి పెళ్లయిందని పైన ఒక గది వేసుకుంటే గీత దాటేస్తాం. అప్పటినుంచి లెక్క విలువ మీద. పక్కన పెద్ద రోడ్డు పడితే మన స్థలం విలువ పెరుగుతుంది, దాంతో పన్నూ పెరుగుతుంది. కానీ అసైన్డ్ పట్టా ఉన్నవాడు ఆ స్థలాన్ని ఇష్టమొచ్చినప్పుడు అమ్ముకోలేడు. విలువేమో కాగితం మీద, పన్నేమో జేబులోంచి.

అద్దెకున్న వాళ్ల మాటేమిటి? పన్ను పెరిగితే అద్దె పెరుగుతుంది. రసీదు ఓనరు పేరు మీద, డబ్బు మనది. కులం అడిగి ఇల్లు లేదనే ఊళ్లో, దొరికిన ఇంటికి అడిగినంత ఇస్తున్నాం. ఆ డబ్బు ఎవరి ఖాతాలో రాస్తారు?

ఇంకో సంగతి. 1965 మున్సిపాలిటీల చట్టం ప్రకారం ఆస్తి పన్నులోనే నీరు, డ్రైనేజీ, వీధి దీపాలు, పారిశుద్ధ్యం కలిసి ఉన్నాయి. అయినా 2021లో చెత్తకు విడిగా డబ్బు అడిగారు. జనం ఎదిరించారు, 2024లో రద్దయింది. ఆ చెత్త ఎత్తేది ఎవరు? 2023 డిసెంబరు చివర్లో మున్సిపల్ కార్మికులు సమ్మెకు దిగినప్పుడు వీధులు ఎలా కంపు కొట్టాయో గుర్తుందా? ఊరు శుభ్రంగా ఉండటానికి ఒకరు డబ్బు కడుతున్నారు, ఒకరు ఒళ్లు కడుతున్నారు. ఒళ్లు కట్టినదానికి రసీదు లేదు.

ఆళ్లగడ్డకు పోదాం. పంచాయతీగా ఉండి మున్సిపాలిటీ అయిన ఊరు అది. పట్టణం అనగానే పన్ను పట్టణం లెక్కకు పోతుంది. పొలం కూలికి పోయే అక్క మాత్రం కూలీగానే ఉంటుంది. ఉపాధి హామీ గ్రామాలకే కాబట్టి, ఊరు మున్సిపాలిటీ అయితే ఆమెకు ఆ పని ఉండదు. పట్టణం వల్ల ఆమెకు వచ్చిందేమిటో బడ్జెట్టే చెప్పాలి.

విద్యార్థి తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీకొక మాట. ఆస్తి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు ఉంటుంది. గ్రూప్స్‌కు చదువుకుంటూ కుర్చీ దొరక్క మెట్ల మీద కూర్చుంటున్నారే, ఆ కుర్చీ డబ్బు అందులోనే ఉంది. వసూలైన సెస్సులో గ్రంథాలయ సంస్థకు ఎంత జమ చేశారో సమాచార హక్కు కింద అడగండి. అర్జీకి పది రూపాయలు.

బాబాసాహెబ్ 1927లో మహాడ్ చెరువుకు నడిచింది ఎందుకు? ప్రజల సొమ్ముతో కట్టి నడిపే నీటివనరులు అందరివీ అని 1923లో బొంబాయి శాసనమండలి తీర్మానించింది. చెరువు తెరుస్తున్నామని 1924లో మహాడ్ మున్సిపాలిటీ కాగితం మీద రాసింది. ఆ కాగితాన్ని నీళ్ల దాకా తీసుకుపోవడానికి వేలమంది నడవాల్సి వచ్చింది. నువ్వెంత కట్టావని అక్కడ బాబాసాహెబ్ లెక్క చూపించలేదు. ప్రజల సొమ్ము అంటే ప్రజలందరిదీ, అంతే.

మనం అడగాల్సింది కూడా అదే. ఏ వార్డులో ఎంత వసూలైంది, ఏ వార్డుకు ఎంత ఖర్చయింది, దళితవాడ కాలువకు ఎంత, పెద్ద రోడ్డు డివైడర్‌కు ఎంత? ఈ నాలుగు అంకెలు ప్రతి వార్డు సచివాలయం గోడ మీద రాయించాలి. పెద్ద బకాయిదారుల పేర్లు కూడా పక్కనే ఉండాలి.

టీ కొట్టు పెద్దాయనా, నీ డబ్బు కాలనీకి పోతోందనుకుంటున్నావు. రా, కాలనీకి వచ్చి చూడు. అక్కడా లేదు. ఎక్కడికి పోయిందో ఇద్దరం కలిసి అడుగుదాం.

వచ్చే భాగంలో వార్డు బడ్జెట్ కాగితం ఎలా చదవాలో మాట్లాడుకుందాం.

జై భీమ్.