ముందు గోడ ఒకటే, వెనకిల్లు ఎవరిది వాళ్లది

ఇంగ్లండ్‌లోని బాత్ ఊరికి పోయినవాళ్లు రాయల్ క్రెసెంట్ ముందర నిలబడి ఫోటో తీసుకుని వచ్చేస్తారు. అందులో తప్పేమీ లేదు. కానీ ఆ ఊరి కట్టడాల గురించిన మ్యూజియం చూసినాక, ముందర కనబడేది సగమే అని మాకు గట్టిగా అనిపించింది.

ఆ మ్యూజియం ఉండింది 1765లో కట్టిన ఒక పాత చర్చిలో. ఊరంతటినీ చిన్న నమూనాగా చేసి పెట్టినారు. జార్జి రాజుల కాలంలో రాళ్లు చెక్కినవాళ్లు, గారపని చేసినవాళ్లు, వడ్రంగులు ఈ ఇండ్లను ఎట్లా లేపినారో అక్కడ చూపించినారు.

రాయల్ క్రెసెంట్‌నే తీసుకోండి. 1767 నుంచి 1774 దాకా కట్టినారు. 30 ఇండ్లు, ముందర 114 స్తంభాలు. జాన్ వుడ్ గీసిన ముందు గోడ అందరికీ ఒకటే. వెనక మాత్రం ఎవరి ఇల్లు వాళ్ల అవసరానికి తగ్గట్టు కట్టుకున్నారు.

కర్ణాటకలో తరాలుగా ఉన్న మన బతుకూ ఇట్లాంటిదే కదా? బడి, బజారు, ఆఫీసు అన్నీ కన్నడలోనే. మేమూ కన్నడ మీడియంలో చదివినవాళ్లమే, అది మాకు ఇష్టమే. వీధికి ఒక ముఖం ఉండాలి. లోపలి ఇల్లు మాత్రం తెలుగుది.

భయం ఎక్కడంటే, బాత్‌లో 1960, 70లలో గొప్ప కట్టడాలను కాపాడుకుంటూనే, పనివాళ్లు ఉండిన మామూలు జార్జియన్ ఇండ్లను వరసలు వరసలుగా కూల్చేసినారు. 1973లో ఆడమ్ ఫెర్గుసన్ దాని మీద ఒక పుస్తకమే రాసినాడు. ఊరికి యునెస్కో గుర్తింపు 1987లో వచ్చింది. కూలిన ఇండ్లు మాత్రం తిరిగి రాలేదు.

మనమూ అదే చేస్తున్నామని మా అభిప్రాయం. ఉగాదికి స్టేజీ మీద పిల్లలతో ఒక పద్యం చెప్పిస్తాం, చప్పట్లు కొడతాం. ఇంట్లో ఆ పిల్లలే గడపను హొస్తిలు అంటారు, పెరడును హిత్తలు అంటారు. కన్నడ మాట వచ్చిందని బాధ లేదు, రెండూ ఉండొచ్చు. తెలుగు మాట పోయిందే, అది బాధ.

మేము సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసేవాళ్లం. స్క్రీన్ బాగుంటే చాలదని, వెనక ఏం జరుగుతుందో చూడాలని రోజూ నేర్చుకునేదే. పద్యం ఉండనీండి. దానితోబాటు ఈ ఆదివారం పిల్లలను అవ్వ దగ్గర కూర్చోబెట్టండి. అటక, గూడు, ఉట్టి, పంచ అని ఆమె చెప్పే పేర్లన్నీ రాయించండి. కన్నడ లిపిలో రాసినా సరే.