పిల్లల వివరాలకు వేరే తాళం ఉందా?

అడ్మిషన్ ఫారంలో మీరు మాకు చాలా రాసిస్తారు: ఆధార్ నంబరు, ఫోన్ నంబరు, కులం, పుట్టినతేదీ, బస్ స్టాప్ కూడా. ఫీజు ఎంతని అడుగుతారు గానీ, ఇవన్నీ ఎక్కడ దాస్తారని ఎవరూ అడగరు. అడగాలని నా అభిప్రాయం.

చాలా స్కూళ్ల యాప్‌లు ఒకే సర్వర్ మీద నడుస్తుంటాయి. ఖర్చు తగ్గుతుంది, అందులో తప్పేమీ లేదు. మన విశాఖ పోర్టులోనూ ఎందరి సరుకో ఒకే యార్డులో ఉంటుంది, కానీ ఏ కంటైనర్ సీలు దానిదే. సర్వర్‌లోనూ ఒక్కో స్కూలుకు వేరే డేటాబేస్, వేరే పాస్‌వర్డ్ ఉండాలి. అన్నిటికీ ఒకటే పెడితే, ఏదో పాత వెబ్‌సైట్‌లోకి చొరబడినవాడికి అందరి పిల్లల వివరాలూ దొరుకుతాయి.

2018 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైట్‌లో సుమారు 1.34 లక్షల మంది లబ్ధిదారుల ఆధార్ నంబర్లు ఎవరికైనా కనిపించేలా ఉన్నాయని బయటపడింది. కులం, మతం, బ్యాంకు వివరాలతో సహా! పాస్‌వర్డ్ అయితే మార్చుకుంటాం, పుట్టినతేదీని ఎలా మారుస్తాం?

2023 డేటా రక్షణ చట్టంలో భద్రతా లోపానికి 250 కోట్ల రూపాయల వరకు జరిమానా ఉంది. ఈసారి పేరెంట్స్ మీటింగ్‌లో మార్కులతోపాటు ఇవీ అడగండి: మా స్కూలు డేటాబేస్ విడిగా ఉందా? పాస్‌వర్డ్ ఎవరెవరి దగ్గర ఉంది? బడి మారితే మా పిల్లల వివరాలు ఎప్పుడు తీసేస్తారు? నాలాంటి టీచర్‌కైతే తన క్లాసు పిల్లల వివరాలు కనిపిస్తే చాలు.